హాజరు పలక

మార్కాపురంలో కంభం పోయే రోడ్డు పక్కన ఒక కాలేజీ ఉంది. పేరు వద్దులెండి. దాని వెనక పాత రేకుల షెడ్డు ఒకటి. ఒకప్పుడు అది పలకల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ మూతబడినాక కాలేజీవాళ్లు కొని, ఒక చివర ఎత్తుగా అరుగు కట్టి, తెర వేలాడదీసి, ఆడిటోరియం అని బోర్డు పెట్టినారు. వార్షికోత్సవాలు అక్కడే, నాటకాలు అక్కడే.

అంతా బాగానే ఉంటుంది... ఎడమ పక్క తప్ప.

స్టేజీకి రెండు పక్కలా తెర చాటున మనిషి నిలబడేంత సందు ఉంటుంది. దాన్ని వింగు అంటారు. నటులు వచ్చేదీ పోయేదీ ఆ సందుల్లోంచే. కానీ ఆ షెడ్డులో ఎన్ని నాటకాలు ఆడినా అందరూ కుడి వింగులోంచే వస్తారు, కుడి వింగులోకే పోతారు. పొద్దుగూకినాక ఎడమ పక్కకు ఎవరూ పోరు. ఎందుకని అడిగితే సీనియర్లు జూనియర్లకు చెప్పే మాట ఒకటే —

"ఆడ నిలబడే మనిషి ఆడనే ఉంది."

రెండేళ్ల కింద ఆ సందులో నిలబడింది తనూజ. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. మధ్యలో పలకల గురించి నాలుగు ముక్కలు మాత్రం నావి. అవి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు.

తనూజది త్రిపురాంతకం. నాయనకు యాభై గొర్రెలు, రెండెకరాల కంది చేను. డిగ్రీ రెండో సంవత్సరం, రోజూ బస్సులో వచ్చి పోయేది. నాటకమంటే ప్రాణం, స్టేజీ ఎక్కితే మాత్రం గొంతు పెగలదు. అందుకని తెర వెనక పనులన్నీ నెత్తిన వేసుకునేది. దాని స్నేహితురాలు సుచరితది ఊళ్లోనే బట్టల దుకాణం. సుచరితకు గొంతు ఉంది, ముఖంలో కళ ఉంది. లేనిదల్లా జ్ఞాపకం. గదిలో గడగడా చెప్పిన మాటలు, ముఖం మీద లైటు పడగానే ఎగిరిపోయేవి.

ఆ ఏడు ఒంగోలులో జరిగే యూనివర్సిటీ యువజనోత్సవానికి నాటికలు ఎంచుకోడానికి జడ్జీలే ఒక్కో కాలేజీకి వస్తామన్నారు. తెలుగు చెప్పే మహేంద్ర సారు సొంతంగా ఒక నాటిక రాసినాడు. కోర్టు కథ. అందులో గంగమ్మ అనే సాక్షి వేషం సుచరితకు ఇచ్చినాడు.

సుచరిత నాయన నరసింహారావు ఒప్పుకోలేదు. తనూజ వారం రోజులు దుకాణం చుట్టూ తిరిగింది. చివరికి ఒకరోజు గుడ్డ కొలుస్తూ కొలుస్తూ ఆయన తలెత్తినాడు.

"ఒక్క నాటకం. ఆ షెడ్డులోనే అంటున్నారు కాబట్టి నేను కూడా వచ్చి ముందర కూర్చుంటా. నలుగురూ నవ్వేటట్టు ఏమన్నా జరిగిందా, ఇంక నాటకం లేదు, కాలేజీ లేదు. ఇంట్లో కూర్చొని పరీక్షలు కట్టుకుంటది."

"ఒక్క మాట కూడా తప్పిపోనీను మామా. నేను పక్కనే ఉంటా గదా."

"ఏ పక్కన?" అన్నాడాయన. ఎందుకు అడిగినాడో తనూజకు అప్పుడు తెలియలేదు.

పక్కన ఉంటానని చెప్పింది గానీ, ఉండి ఏం చేయాలి? పాతకాలంలో అయితే తెర చాటునుంచి మాట అందించేవాళ్లు. ఇప్పుడు నటుల మెడకు మైకులు కడుతున్నారు. గుసగుస చెప్పినా ఆఖరి వరసకు వినపడుతుంది. అప్పుడు తనూజకే తోచింది ఒక ఉపాయం. మార్కాపురంలో పలకలకు కరువా? మరిచిపోయే మాటలన్నీ ఒక్కో పలక మీద లావుగా రాసి పెట్టుకుంటుంది. సుచరిత తడబడి చూస్తే పలక ఎత్తుతుంది. చదువుకొని చెప్పేస్తుంది. చప్పుడుండదు.

చిక్కల్లా ఒకటే. సాక్షి బోను కుడి చివర పెట్టినారు. అందులో నిలబడిన మనిషికి కనపడేది ఎడమ వింగు ఒక్కటే.

"పో, పో. ఆడ నీకు తోడు కూడా దొరుకుతది," అన్నాడు యశ్వంత్. లాయరు వేషం వాడిదే. నల్లకోటు వేసుకున్నప్పటినుంచి వాడికి నోరు ఆగట్లేదు. "మాటలు మరిచిపోతే ఆవిడనడుగు. పాతికేళ్ల నుంచి రిహార్సల్లు చూస్తాంది."

ఆడిటోరియం ఊడ్చే యేసుమణి చీపురు ఆపి వాడి వైపు చూసింది.

"నవ్వులాట గాదు నాయనా. రాఘవమ్మ నాతో పని చేసిన మనిషి."

అప్పుడు చెప్పింది. షెడ్డు ఫ్యాక్టరీగా ఉన్న రోజుల్లో రాఘవమ్మ అర్ధవీడు పక్కనుంచి పనికి వచ్చేదట. ఒక శుక్రవారం చీకటి పడే వేళ, ఎత్తుగా పేర్చిన రాతి దొంతర విరిగి ఆమె మీద పడింది. ఇప్పుడు ఎడమ వింగు ఉన్న చోటే. తెల్లారి యజమానులు ఏం చెప్పినారంటే — రాఘవమ్మ ఆ పొద్దు పనికే రాలేదు, రాత్రిపూట దొంగతనానికి లోపలికి దూరింది, అని.

"మేమందరం చూసినాం, పొద్దున వచ్చింది. మా మాట ఎవరు వింటారు? ఆమె మొగుడు పిల్లల్నేసుకొని సుగ్గికని వలస కూలికి పోయినాడు. యాడున్నారో యేమో, మళ్లీ ఈ దిక్కు రాలే." యేసుమణి చీపురు అందుకుంది. "ఆడ నిలబడితే నిలబడు తల్లీ. ఆ మూలనున్న పాత పలకలు మాత్రం ముట్టుకోవద్దు."

ముట్టుకోవాలని తనూజ అనుకోలేదు. కొత్త పలకలు పది కొన్నది. నాటకం రోజు సాయంత్రం యశ్వంత్ చూసుకోకుండా ఆ సంచి మీద కూర్చున్నాడు. చప్పుడు వినపడినాక లేచినాడు.

"ఏం పలకలే ఇవి? మనిషి బరువు ఆపలేవా?"

"మనిషి బరువైతే ఆపేవి," అంది తనూజ.

మూడు విరిగినాయి. అప్పటికే ఆరున్నర. దుకాణానికి పోయి వచ్చే టైము లేదు. తనూజ ఎడమ వింగులోకి పోయి, మూలనున్న దొంతరలోంచి మూడు పలకలు లాగింది. కుళాయి కింద తడిపి, తడిగుడ్డతో తుడిచింది. నల్లగా, నున్నగా, కొత్తవాటిలాగే అయినాయి. చాక్‌పీసుతో మూడింటి మీదా మాటలు రాసుకుంది.

ఏడు గంటలకు తెర లేచింది.

ఎడమ వింగులో ఒక నీలం జీరో బల్బు. ముందు స్టేజీ, ఎడమ పక్క తెర మడత, వెనక వీపుకు ఆనుకొని ఫ్యాక్టరీ కాలపు రాతి గోడ. అంతకంటే చోటు లేదు. మార్చి నెల. రేకుల కింద మనుషులు విసనకర్రలు ఊపుకుంటున్నారు. కానీ ఆ సందులో మాత్రం చల్లగా ఉంది. తడిసిన రాయి వాసన...

పలకలు కడిగినాను గదా, ఆ వాసనే, అనుకుంది తనూజ.

ముందు వరసలో ముగ్గురు జడ్జీలు. వాళ్ల పక్కన చేతులు కట్టుకొని నరసింహారావు. ఆయన స్టేజీ నడుమకు చూడట్లేదు. ఎడమ మూలకు చూస్తున్నాడు.

మొదటి రంగం బాగా జరిగింది. రెండో రంగంలో సుచరిత నాలుగుసార్లు తడబడింది. నాలుగుసార్లూ పలక లేచింది. నాలుగుసార్లూ మాట దొరికింది. తనూజకు ధైర్యం వచ్చింది. ఇంక ఒక్క రంగం. అది గట్టెక్కితే సుచరిత ఒంగోలు పోతుంది, ఆ తర్వాత ఇంకెక్కడికి పోతుందో.

ఆఖరి రంగం. లాయరు సాక్షి బోను దగ్గరికి వచ్చి, వేలు చూపించి అడగాలి. అడిగినాడు.

"ఆ పొద్దు నువ్వు ఆ చోటికి వచ్చినావా? రాలేదా?"

గంగమ్మ చెప్పాల్సింది అబద్ధపు సాక్ష్యం — "రాలేదు సామీ, నేను ఊళ్లోనే లేను."

సుచరిత నోరు తెరిచింది. మాట లేదు. లైటు నేరుగా ముఖం మీద కొడుతోంది. కళ్లు మెల్లగా ఎడమ పక్కకు తిరిగినాయి.

తనూజ పలక ఎత్తింది. కడిగిన మూడింటిలో మొదటిది.

ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి. పలక మీద రాత స్టేజీ వైపు ఉంటుంది. పట్టుకున్న మనిషికి కనపడేది వెనక భాగమే. అంటే, సుచరిత ఏం చదువుతోందో తనూజకు కనపడదు.

సుచరిత పలక వైపు చూసింది. రెప్ప వేయలేదు. తర్వాత తనది కాని నిదానంతో చదివింది.

"రాఘవమ్మ. శుక్రవారం. వచ్చినాను."

యశ్వంత్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

తనూజ పలక గబుక్కున వెనక్కి తిప్పి జీరో బల్బు వెలుగులో చూసింది. తన రాతే ఉంది. తెల్లగా, లావుగా... రాలేదు సామీ. అంతే. ఇంకేమీ లేదు.

పాపం యశ్వంత్‌కు వేరే దారి తోచలేదు. మళ్లీ అదే ప్రశ్న అడిగినాడు.

"వచ్చినావా... రాలేదా?"

తనూజకు అరవాలని ఉంది. అరిస్తే మైకులో పడుతుంది. స్టేజీ మీదికి ఉరకాలని ఉంది. వింగులో మనిషి జనానికి కనపడకూడదు. ఇంకో పలక ఎత్తడానికి భయమేసింది. చేతిలోదాన్ని కింద పెట్టేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఎడమ భుజం మీద చల్లగా ఏదో ఆనింది. తెర మడత అనుకుంది. తిరిగి చూడలేదు.

సుచరిత ఇంకా అటే చూస్తోంది. తనూజ ముఖం వైపు కాదు... కొంచెం పైకి.

"తుడిచినారు," అంది సుచరిత. "మళ్లీ రాసినాను."

షెడ్డులో విసనకర్రలు ఆగినాయి.

"నా పేరు పిలవండి."

బడిలో హాజరు పిలిచేటప్పుడు పేరు దాటేస్తే చిన్నపిల్లలు లేచి నిలబడి అడుగుతారు చూడండి, నా పేరు పిలవలేదు అని. ఆ గొంతు అట్లనే ఉందట.

ముందు వరసలో నరసింహారావు లేచినాడు. గబగబా మెట్లెక్కి, కూతురి చెయ్యి పట్టుకొని, వేషంతోనే కిందికి దింపి, జనం మధ్యలోంచి తీసుకుపోయినాడు. మహేంద్ర సారు తెర దించమని సైగ చేసినాడు. ఒక జడ్జీ మాత్రం ఇదంతా నాటికలో భాగమనుకొని చప్పట్లు కొట్టినాడు.

తనూజ ఆ సందులో నిలబడే ఉంది. పక్కనే ఉంటానని మాట ఇచ్చింది గదా. పక్కనే ఉంది. ఏమీ చేయలేకపోయింది.

మరుసటి రోజు సుచరిత కాలేజీకి రాలేదు. ఆ మరుసటి రోజు కూడా రాలేదు. ఫోను స్విచాఫ్. ఒంగోలు పోయే జాబితాలో వీళ్ల నాటిక పేరు లేదు. మూడో రోజు మధ్యాహ్నం తనూజ ఒక్కతే షెడ్డుకు పోయింది. ఎడమ వింగులో నేలమీద ఆ పలక ఎట్ల పెట్టిందో అట్లనే ఉంది. బయటికి, ఎండలోకి తెచ్చింది. చాక్‌పీసు రాతను చున్నీ అంచుతో తుడిచింది.

కింద సన్నటి గీతలు. వంకర టింకర అక్షరాలు.

రాఘవమ్మ. శుక్రవారం. వచ్చినాను.

కేకేస్తే యేసుమణి పరుగున వచ్చింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"మా హాజరు పలకలమ్మా ఇవి! పొద్దున రాగానే ఎవురి పలక మీద వాళ్లు పేరు, వారం, వచ్చినాను అని రాసి మేకుకు తగిలించేవాళ్లం. పొద్దుగూకినాక గుమాస్తా చూసుకొని దొండాకు పెట్టి తుడిచేవాడు. రాఘవమ్మకు రాయడం అంతంతమాత్రమే వచ్చు. బలపం నొక్కి నొక్కి రాసేది."

ఇప్పుడు నా నాలుగు ముక్కలు చెబుతాను. రాతి పలక మీద బలపం గట్టిగా నొక్కి రాస్తే సన్నటి గీత పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయినట్టే ఉంటుంది. పోదు. తడి ఉన్నంతసేపు నల్లగా కనపడి, ఆరినాక మళ్లీ తేలుతుంది. పక్కనుంచి వెలుగు పడితే మరీ బాగా కనపడుతుంది. నిజంగా పోవాలంటే దొండాకు నలిపి ఆ పసరుతో రుద్దాలి. పలక మీద చదువుకున్న వాళ్లందరికీ తెలిసిందే.

అర్థమైంది గదా? తనూజ తడిపి రాసింది. స్టేజీ లైట్ల వేడికి పలక ఆరింది, కింది రాత తేలింది. బెదిరిపోయిన పిల్ల కంటికి ముందు కనపడింది చదివేసింది. నీలం బల్బు మసక వెలుగులో తనూజకు ఆ గీతలు కనపడలేదు. ఇందులో దెయ్యమూ లేదు, గాలీ లేదు.

తనూజ ఏడుస్తూనే నవ్వింది. పలకను సంచిలో వేసుకొని నేరుగా దుకాణానికి పోయింది.

నరసింహారావు ఒక్కడే ఉన్నాడు. ఆ పిల్లను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"మామా, సుచరిత తప్పేమీ లేదు. తప్పు నాది. పాత పలక తీసుకున్నా. చూడండి..." అని, కుండలోంచి నీళ్లు చిలకరించి తుడిచింది. పలక నల్లబడింది. ఫ్యాను కింద పెట్టింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. తడి అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చింది. ఒక్కో అక్షరమే లేచింది.

నరసింహారావు చేతిలో కొలబద్ద కింద పడింది.

"ఆ రాత్రి నేనే తుడిచినా," అన్నాడు.

తనూజ పలక మీదినుంచి తలెత్తింది.

"అప్పుడు నేనే ఆడ గుమాస్తాను. రాలేదని చెప్పాల, పలక మీద ఆనవాలు ఉండకూడదు, దొండాకు పెట్టి రుద్దు అన్నారు. దొడ్లో దొండపాదు ఉంది. దాని కాడికి పోయినా, ఆకు కోసినా..." ఆయన అరచేతిలోకి చూసుకున్నాడు. "పారేసినా. ఉత్త తడిగుడ్డతో తుడిచి దొంతరలో పెట్టినా. ఆరితే తేలుతదని నాకు తెలుసమ్మా. ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నా. అంతకంటే నాకు చాతగాలేదు."

ఆయన వంగి కొలబద్ద తీసి బల్ల మీద పెట్టినాడు.

"సుచరితను రేపటినుంచి పంపిస్తా," అన్నాడు చివరికి. "నాటకం ఆడుకోనీ. దాన్ని ఆపే ముఖం నాకేడుంది?"

తనూజ పరదా తోసుకొని దుకాణం వెనకున్న ఇంట్లోకి ఉరికింది. సుచరిత మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. అంతా విన్నది.

"విన్నావు గదే? పంపిస్తాడంట! ఉత్త గీతలే అవి..."

"నేను రాను తనూ."

"ఏంది నువ్వు? గీతలని చెప్తాంటే..."

"మొదటిది గీతలే. తర్వాత రెండు మాటలు?"

"భయంలో ఏదో అనేసినావు. ఎవరికైనా అట్లనే అయితది."

సుచరిత తల అడ్డంగా ఊపింది. గొంతు తగ్గించింది.

"అనలేదు. చదివినా. నువ్వు పలక కింద పెట్టేసినావు, నేను చూసినా. నీ చేతులు రెండూ నోటికాడ ఉండె. నీ భుజం పైనుంచి ఇంకో పలక లేచింది. తుడిచి, రాసి, మళ్లీ చూపించింది. ఒక చేత్తో పలక పట్టుకొని ఉంది తనూ... రెండో చెయ్యి నీ భుజం మీద వేసుకొని ఉంది."

"వెనక గోడే. మనిషి పట్టేంత చోటు యాడుందే?"

"లేదు," అంది సుచరిత. "అదే చెప్తాండా."

తనూజ బస్సెక్కి త్రిపురాంతకం చేరేసరికి దీపాలు పెట్టినారు. నాటకం రోజు వేసుకున్న చున్నీ ఆ రాత్రే ఉతకడానికి వేసింది. భుజం మీద బూడిద రంగు మరక ఉంటే పలకల దుమ్ము అనుకుంది. వాళ్లమ్మ రెండుసార్లు ఉతికింది. ఉతికినప్పుడల్లా పోయిందనే చెప్పింది. ఆ సాయంత్రం కూడా ఉతికి, వాకిట్లో తీగ మీద ఆరేసి ఉంది.

తనూజ దగ్గరికి పోయి చూసింది. తడిగా ఉంది. శుభ్రంగా ఉంది. ఏ మరకా లేదు.

అక్కడే, తీగ పట్టుకొని నిలబడింది. గాలికి చున్నీ అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చింది...

ముందు ఒక వేలు తేలింది. తర్వాత, పక్కపక్కనే, ఇంకో మూడు.